పక్క మంచం ఒక్కపొద్దు

నా నోటి సంగతి జనగామ బజార్లో ఎవరిని అడిగినా చెబుతారు. మాది బట్టల దుకాణం. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ గల్లా పక్కన కూర్చుని, బేరమాడేవాళ్లతోనూ ఊరికే చీరలు విప్పించి పోయేవాళ్లతోనూ గొంతు చించుకున్నదాన్ని. అలాంటిదాన్ని, పోయిన ఎండాకాలం మొదట్లో మా దుకాణం మెట్ల మీదే జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు రోజూ కసరత్తు చేయించాలని డాక్టర్ అంటే, నా కొడుకు నన్ను ఊరి చివర ఒక కేర్ హోమ్‌లో చేర్చాడు.

"నన్ను ముసలోళ్ల హాస్టల్ల పడేస్తున్నవారా?" అని వాడి మీద గయ్యిమన్నాను.

"గా కసరత్తు మనింట్ల ఎట్లయితదమ్మా? జర ఓపిక పట్టు" అన్నాడు. రోజూ పొద్దున వాడు, సాయంత్రం కోడలు వచ్చి చూసిపోయేవారు. ఉన్న మాట చెప్పాలి, ఇద్దరూ నన్ను బాగానే చూసుకున్నారు.

ఆ గదిలో రెండే మంచాలు. రెండో మంచం మీద ఉన్నామెది నెల్లికుదురు. యాభై దాటి ఉంటాయి. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఆడుతుంది. భర్త లేడు, పిల్లలు లేరు. ఊళ్లో కూలికి పోయే చెల్లెలు ఉంది. భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే తమ్ముడు, అక్కకు మంచి వైద్యం దొరకాలని ఇక్కడ పెట్టించాడట. ఇవన్నీ నాకు ఆయా చెప్పింది. ఆమె గురించి ఏ సంగతైనా పక్కవాళ్ల నోటి నుంచి వినాల్సిందే.

మొదటి రోజు కసరత్తు చేయించి నన్ను మంచం మీదికి చేర్చినప్పుడు నొప్పికి చిన్నపిల్లలా ఏడ్చాను. రెండు మంచాల మధ్య కొంచెమే సందు. ఆమె ఎడమ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. నా ఏడుపు ఆగేదాకా వదల్లేదు. నా సొంత అక్కచెల్లెళ్లు కూడా నన్ను ఎన్నడూ అట్లా పట్టుకోలేదు. ఆ రోజు నుంచే ఆమె నా మనిషి అయింది.

మధ్యాహ్నం ఆయా నా సీసా నిండా నీళ్లు పోసి పెట్టింది. పక్క మంచం దగ్గర ఏమీ పెట్టలేదు.

"ఆమెకేదే?" అన్నాను.

"ఆమె ఒక్కపొద్దు ఉంటదవ్వా. క్రిస్టియన్లు గదా, గిప్పుడు శ్రమల దినాలు. ఈస్టర్ దాక పొద్దంత ఏం ముట్టది, నీళ్లు గూడ. పొద్దూకినంక ఇంత జావ తాగుతది."

ఒక్కపొద్దు అంటే మా వైపు ఉపవాసం. నేనూ శనివారం శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటాను. పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టను. డాక్టర్ తిట్టినా, తుంటి విరిగినా ఆ నియమం తప్పలేదు. ఒక్కపొద్దు ఉన్నవాళ్ల ముందు తినడానికే మా దగ్గర జంకుతారు. వాళ్లను ఇంత తినమని బలవంతం చేస్తే ఆ పాపం మనకు చుట్టుకుంటుందని భయం. ఆమె దేవుడు వేరు, నా దేవుడు వేరు. అయితేనేం, నిష్ఠ నిష్ఠే కదా అనుకుని పక్క మంచానికి దండం పెట్టాను. ఆమె నా సీసా వైపు చూసినప్పుడల్లా దాన్ని దిండు వెనక్కి జరిపేదాన్ని, ఆమె ఒక్కపొద్దు చెడగొట్టిన పాపం నాకెందుకని. రోజులు గడిచేకొద్దీ ఆమె పెదవులు పగిలి పొక్కులు కట్టాయి. కళ్లు లోపలికి పోయాయి. అబ్బ, ఎంత భక్తి అనుకున్నాను.

ఆమె చెల్లెలు పని దొరకని రోజుల్లో వచ్చేది. ఎప్పుడొచ్చినా ఆమెను చక్రాల కుర్చీలో ముందు హాల్లోకి తోసుకెళ్లి కాసేపు చూపించి మళ్లీ తెచ్చేవారు. లోపలికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. నా కొడుకు, కోడలు మాత్రం మేనేజర్‌తో జగడమాడి గదిదాకా వచ్చేవారు, నా నోటి చలవ వాళ్లకూ అంటింది. ఒకరోజు ఆ కుర్చీ చక్రం ఊడిపోయింది. గత్యంతరం లేక చెల్లెల్ని మా గదిలోకే పంపించారు.

మిట్టమధ్యాహ్నం. రెండు బస్సులు మారి వచ్చింది. చెమటకు చీర ఒంటికి అంటుకుపోయింది. అక్క మంచం అంచున కూర్చుని, ముఖం నిమిరి, నాతో గర్వంగా అంది: "చర్చిల సాక్ష్యం గూడ చెప్పిన్నమ్మా, మా అక్క మంచంల ఉండి గూడ ఉపాసం విడుస్తలేదని. అందరు ఏడ్సిన్రు."

నాకు ఇంకో సంగతి కనిపిస్తోంది. వచ్చిన మనిషికి ఎవరూ నీళ్లు ఇవ్వలేదు. మా దుకాణంలో జేబురుమాలు కొనడానికి వచ్చినా సరే, ముందు నీళ్లు, తర్వాతే మాట. ఆయా మీద అరిచాను. "ఎండల పడి వచ్చింది, కనవడ్తలేదానె? చెంబెడు నీళ్లు తేపో! గా మాత్రం మర్యాద లేదు!"

ఆయా స్టీలు చెంబు నిండా తెచ్చి చెల్లెలి చేతికిచ్చింది. ఆమె నోటిదాకా ఎత్తింది.

అంతలో పక్క నుంచి ఎడమ చెయ్యి వచ్చింది. చెంబు పట్టుకుని గుంజుకుంది. చెల్లెలు బిత్తరపోయి అక్క తల కింద చెయ్యి పెట్టి లేపింది. సగం నీళ్లు గొంతులోకి, సగం మెడ మీదికి. పొలమారి దగ్గు వచ్చినా చెంబు వదల్లేదు. ఖాళీ అయ్యాక కూడా వదల్లేదు.

"అక్కా, ఉపాసం గదనే..." అని చెల్లెలు ఆగిపోయింది. అక్క ముఖం మీదికి వంగి అడిగింది. "నువ్వు ఉపాసమున్నవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది. కళ్లనుంచి నీళ్లు కూడా రాలేదు, ఒంట్లో ఉంటే కదా రావడానికి.

అప్పుడు నేను అరిచిన అరుపుకు ముందు గదిలోని మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. ఆమెకు నీళ్లు పడవని ఏదో అనబోయాడు. ఆయా గోడకు ఆనుకుని ఏడ్చేసింది. "నేనేం జెయ్యాలె అవ్వా, గిన్ని మంచాలకు నేనొక్కదాన్నే. నీళ్లు తాగితే పక్క తడుస్తది. మార్చేటందుకు ఇద్దరు గావాలె. పగటిపూట నీళ్లు బందు పెట్టుమని సారే అన్నడు." తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వే ఫోన్ల అడిగినవ్ గదక్కా, శ్రమల దినాలు గదా, అక్క ఉపాసముందా అని. ఔనన్న. గంతే."

గంతే! ఆ ఒక్క మాట చాలింది. ఆ ఔను పట్టుకుని చెల్లెలు చర్చిలో సాక్ష్యం చెప్పింది, నేను దండం పెట్టాను, భూపాలపల్లిలో తమ్ముడు నా అక్క ఎంత గొప్పదో అని మురిసిపోయాడు. ఆమెను అడుగుదామని మాలో ఒక్కరికీ తోచలేదు. మాట లేదు కాబట్టి మనసూ లేదనుకున్నామా ఏమో.

నా కొడుక్కి ఫోన్ చేసి కారు తెప్పించాను. ఆమెను సర్కారు దవాఖానకు తీసుకెళ్లారు. ఒళ్లంతా ఎండిపోయిందని, మూత్రంలో ఇన్ఫెక్షన్ పట్టి కిడ్నీల దాకా పోతోందని, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. నన్నూ ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చుకున్నారు. మర్నాడు నా కొడుకు కలెక్టరాఫీసుకు పోయి సంక్షేమ శాఖలో ఫిర్యాదు ఇచ్చాడు. బేరాల్లో వాడి మెత్తదనం చూసి ఎన్నిసార్లు విసుక్కున్నానో, ఆ పని మాత్రం వదిలిపెట్టకుండా చేశాడు. నా కడుపున పుట్టినందుకు ఆ రోజు సంతోషించాను.

విచారణకు వచ్చిన ఆఫీసరమ్మ చాలా చిన్న వయసుది. నేను కూడా చక్రాల కుర్చీలో వార్డుకు పోయి, జరిగిందంతా దండకంలా చదవడం మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి, "అమ్మా, మీరు జర ఆగుండ్రి. మీ మాట తర్వాత రాసుకుంట. ముందు ఆమెను అడగాలె" అంది. నన్ను ఆగమన్నవాళ్లు జనగామలో లేరు. కానీ నోరు మూసుకున్నాను.

రోగి ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "అక్కా, ఔనంటే నా చెయ్యి నొక్కు. కాదంటే విడువు. నీళ్లు గావాలని సైగ చేసినవా?" నొక్కింది. "ఇచ్చిన్రా?" విడిచింది. "మళ్ల గా హోమ్‌కు పోతవా?" విడిచింది. "తమ్ముని దగ్గరికి భూపాలపల్లికి?" విడిచింది. డ్యూటీ నుంచి అటే వచ్చేసిన తమ్ముడు తలవంచుకున్నాడు. "చెల్లె దగ్గరికా?" ఎంత గట్టిగా నొక్కిందంటే ఆఫీసరమ్మ నవ్వేసింది. మేమందరం ఏడ్చాం.

అలాగే పంపించారు. ఊళ్లో నర్సమ్మ ఇంటికొచ్చి చూసే ఏర్పాటు చేశారు. హోమ్‌కు నోటీసు పడింది, మేనేజర్ పోయాడు, ఆయాకు తోడుగా ఇంకో ఇద్దరిని పెట్టారు. ఇప్పుడు ఇంటివాళ్లు నేరుగా మంచం దాకా వెళ్లొచ్చట. ఆ పిల్ల ఆఫీసరమ్మ ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

వానలు పడ్డాక, చేతికర్రతో నాలుగడుగులు వేయగలిగాక, నెల్లికుదురు పోతానన్నాను. "ఇయ్యాల శనివారమత్తమ్మా, నీకు ఒక్కపొద్దు. రేపు పోరాదు?" అంది కోడలు. రేపు ఆదివారం, వాళ్లు చర్చికి పోతారు, ఇవాళే పోవాలని మొండికేశాను.

రేకుల ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. ముఖం నిండింది. నన్ను చూడగానే పక్కనున్న బిందె వైపు వంగింది. చెల్లెలు సాయానికి రాబోతే కళ్లురిమింది. ఎడమ చేత్తో చెంబు ముంచి, ఒలకబోసుకుంటూ నా ముందుకు చాపింది. నోరు ఎంతో తిప్పుకుని, తిరిగి వచ్చిన కొద్ది మాటల్లో ఒకటి బయటికి తీసింది.

"తాగు."

కోడలు నా వైపు చూసింది. పొద్దింకా నెత్తి మీదే ఉంది. చెంబు రెండు చేతులా అందుకుని, చుక్క మిగల్చకుండా తాగేశాను.