ఒక్కొక్కటి మార్చి చూసిన వదిన

మా వదిన పోయింది. మొన్న మంగళవారం పొద్దున షాపు షట్టర్ సగం పైకెత్తి, అక్కడే కూలబడిందట. నిజామాబాద్ బడిలో పాఠం చెబుతుంటే నాకు ఫోన్ వచ్చింది. బోధన్ బస్సులో ఉండగానే ఇంకో ఫోన్ వచ్చింది, ఇక తొందరపడి లాభం లేదని. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. మా వదిన మంచి చెప్పాలంటే మా ఇంటి చెడు చెప్పక తప్పదు. చెబుతాను, ఎవరేమనుకున్నా సరే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా అన్న బోధన్‌లో ఇంటి ముందు గదిలోనే కంప్యూటర్ ఆటల సెంటర్ పెట్టాడు. టౌన్ పిల్లలు, చుట్టుపక్కల క్యాంపుల్లో వలస వచ్చి స్థిరపడ్డ ఆంధ్రా రైతుల పిల్లలు వచ్చి తుపాకుల ఆటలు ఆడేవాళ్లు. అన్నకు తన సొంతానికి ఒక మిషన్ ఉండేది. దాని మీద వేరేవాళ్ల చెయ్యి పడకూడదు. మిషన్ ఆన్ కాగానే సెట్టింగుల్లోకి పోయి, కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగం పెట్టి పరిగెత్తించేవాడు. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని అందరికీ చెప్పుకుని మురిసేవాడు. బోధన్‌లో ఇంత వేగం మిషన్ ఇంకెక్కడా లేదని వాడి గొప్ప.

గొప్ప బాగానే ఉంది, మిషన్ నిలబడాలి కదా. ఆట మంచి పట్టులో ఉండగా తెర బిగుసుకుపోయేది. లేదంటే నీలం తెర వచ్చి మొత్తం ఆగిపోయేది. అంతలో ఆటలోని ఎదుటివాడు అన్నను కాల్చేసేవాడు. మొదటిసారి అన్న కీబోర్డు ఎత్తి గోడకు కొట్టాడు. అక్షరాల బొత్తాలు వంటింటి దాకా చెదిరాయి. వాటిని ఏరడానికి వంగిన వదిన వీపు మీద మౌసు వైరు మడిచి కొట్టాడు. పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ తర్వాత అది ఆనవాయితీ అయిపోయింది. మిషన్ ఆగితే వదినకు దెబ్బ. ఒకసారి ముందు పన్ను పోయింది, ఇంకోసారి ఎడమ మణికట్టు విరిగింది. అడ్డం పోయినందుకు, అప్పటికి బడికి పోయే చెల్లెలినైన నన్నూ తన్నాడు. నేను వాడి చెయ్యి రక్తం వచ్చేలా కొరికాను, అందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు.

మేం అవ్వ అని పిలిచే మా అమ్మ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, "మొగోడన్నంక ఒక దెబ్బ ఏస్తడు, ఓర్సుకోవాలె బిడ్డా" అనేది. అంటూనే లేచి పసుపు తెచ్చి అద్దేది.

వదిన ఓర్చుకోలేదు, వెతకడం మొదలుపెట్టింది. మిషన్ ఆగకపోతే దెబ్బ ఉండదు కదా అని ఆమె లెక్క. మిషన్ బిగించిన మెకానిక్ వచ్చినప్పుడల్లా చాయ్ పోసి, ఏది ఎందుకు ఉందో అడిగేది. మొదట పెంచిన వేగాన్ని తగ్గించి చూసింది. మిషన్ ఆగడం మానేసింది. కానీ అన్న తెర మీద అంకె చూసి తెలుసుకున్నాడు. ఆ రోజు బెల్టుతో కొట్టాడు. ఇక అదే వేగంలో దాన్ని నిలబెట్టాలి. పళ్ల బ్రష్షుతో ఫ్యాన్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్మంతా, చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు లారీలు లేపిందంతా, దులిపింది. పక్క రేకు విప్పేసి టేబుల్ ఫ్యాన్ పెట్టింది. ప్రాసెసర్ మీద వేడిని లాగడానికి పూసే పేస్టు ఎండిపోతే గోకి కొత్తది రాసింది. మెమరీ ముక్కలు రెండింటిలో ఒకటి తీసి ఒకటి ఉంచి చూసింది.

నేనొకసారి తొందరపడి, "అన్నీ ఒక్కసారే మారిస్తే అయిపోతది కదా వదినా" అన్నాను.

"గట్ల చేస్తే తప్పెవలిదో తెల్వది పిల్లా. ఒక్కటి మార్చాలె, ఆగి సూడాలె" అంది. ఎర్రగా వాచిన కంటి కింద చల్లటి గిన్నె అదుముకుంటూ ఇంకో మాట అంది. "మిషన్‌కు కోపం ఉండది. వేడి ఉంటది. వేడికి మందున్నది."

చివరికి మిగిలింది కరెంటు. పొలాలకు త్రీఫేజ్ వదలగానే కాల్వ కింద మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. ఇంట్లో బల్బు మసకబారేది, మిషన్ ఆగేది. వదిన స్టెబిలైజర్ పెట్టించి, మిషన్‌లో కరెంటు అందించే పాత డబ్బా తీసేసి గట్టిది బిగించింది. తీసేసిన ఇనుప డబ్బాను వైర్ల కుచ్చుతో సహా వంటింటి గూట్లో పెట్టింది.

ఆ ఆదివారం క్యాంపు కుర్రాడొకడు అన్నతో ఆడాడు. గది నిండా జనం. మధ్యలో బల్బు మసకబారింది. వదిన వంటింటి గుమ్మంలో తెర వైపే చూస్తూ నిలబడింది. మిషన్ ఆగలేదు, ఆటంతా సాఫీగా నడిచింది. అన్న చిత్తుగా ఓడిపోయాడు. ఎవరో నవ్వారు.

అన్న లేచి లోపలికి వచ్చి, వదిన జుట్టు పట్టుకుని తలను దర్వాజకు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమె జారి కింద కూర్చుంది. కంట్లోకి రక్తం కారుతుంటే నా వైపు తిరిగి అడిగింది.

"పిల్లా, మిషన్ బంద్ గాలె గదా?"

"గాలె వదినా."

"అయితే దాంట్ల తప్పు లేదు."

అన్న మూలనున్న క్రికెట్ బ్యాట్ అందుకున్నాడు. వదిన లేచి, గూట్లోని ఇనుప డబ్బాను వైర్ల కుచ్చు పట్టి లాగి, గిరగిరా తిప్పి వాడి ముంజేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. బ్యాట్ జారిపోయింది. అంత మనిషీ గోడకు ఆనుకుని దూడలా అరిచాడు.

"మల్ల లేస్తే తలకాయె" అంది వదిన. గొంతు పెంచకుండానే అంది.

మర్నాడు వాడకట్టు పెద్దలు కూర్చున్నారు. మొగుని మీద చెయ్యెత్తిన ఆడది ఇంట్లో ఎట్లా ఉంటుందని వాళ్ల పంచాయితీ. ఆమెను పుట్టింటికి పంపడమే వాళ్ల తీర్పని ముందే తెలుస్తోంది. ఆమె పోతే ఆ ఇంట్లో తర్వాతి వంతు నాదే.

వదిన తలకు కట్టుతో నిలబడి చెప్పింది. "మిషన్ ఆగితె కొడుతున్నడనుకున్న. ఫ్యాన్ సూసిన, మెమరీ సూసిన, కరెంటు సూసిన. ఒక్కొక్కటి మార్చిన. నిన్న అది ఆగలె. అయినా కొట్టిండు. ఇగ ఈ ఇంట్ల మార్చనిది ఒక్కటే మిగిలింది. అదేందో మీరే చెప్పుండ్రి."

మా అవ్వ లోపలికి పోయింది. అన్న బట్టల సంచి తెచ్చి వాకిట్లో పెట్టింది.

"కోడలు ఏడికీ పోది. వీన్నే పంపుండ్రి. బొంబాయి దిక్కు భీవండిల మా తమ్ముడున్నడు, ఆడ బతుకుతడు" అని చెప్పి మళ్లీ చాట ముందు కూర్చుంది. బీడీ ఆకు మాత్రం ముట్టలేదు. చాలాసేపు ఏడ్చింది.

అన్న పోయాడు. తిరిగి రాలేదు, మొన్న శవాన్ని చూడటానికి కూడా. వదిన ఆటలు తీసేసి అదే గదిలో రిపేరు షాపు నడిపింది. నేను బి.ఎడ్. చదివింది ఆమె సంపాదనతోనే. అవ్వను చివరిదాకా చూసిందీ ఆమే. ఎవరైనా ఆడమనిషి మిషన్ తెస్తే, వదిన మూత విప్పకముందు తీరిగ్గా ఆమె ముఖం చూసేది, చేతులు చూసేది. "ఇది ఆగినప్పుడు మీ ఇంట్ల ఏమైతది?" అని అడిగేది. కొందరు ఏమీ కాదని నవ్వేవాళ్లు. కొందరు నవ్వేవాళ్లు కాదు.

నిన్న పొద్దున ఒకామె పాత చీరలో చుట్టిన మిషన్ చంకనేసుకుని వచ్చింది. విషయం తెలియదు పాపం. "అక్క లేదా? గిది మాటిమాటికి ఆగుతున్నది. మా ఆయన వచ్చేలోపల జర బాగుచేయిస్తరా?" అంది. ఆమె కింది పెదవి చిట్లి ఉంది.

మిషన్‌లో ఏది ఎక్కడుంటుందో నాకు తెలియదు. దాన్ని బయట అరుగు మీదే పెట్టించి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.