మూడు మధ్యాహ్నాల ఆధారం

రంగనాయకులు సార్ ఆధారం చూపనిదే తుమ్మును కూడా నమ్మరు. మార్కాపురంలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో ప్యాసేజ్‌లు చెప్పీ చెప్పీ ఆయనకు లోకమంతా ఒక ప్యాసేజ్ అయిపోయింది. "రాసినవాడు ఏమంటున్నాడు? దేన్ని పట్టుకుని అంటున్నాడు?" ఈ రెండు ప్రశ్నలతో పిల్లల్నీ, టీకొట్టువాణ్ణీ, కట్టుకున్న ఆవిడనూ ఒకే తీరుగా వేపుకు తినేవారు.

"ఈ పొద్దు వాన పడుతుంది సార్," అనేవాడు టీకొట్టు సురేష్.

"ఆధారం?"

"మబ్బు పట్టింది గదా."

"నిన్న పట్టలేదా? పడిందా?"

సురేష్ ఆయన టీలో చక్కెర తగ్గించేవాడు.

ఆయన శిష్యురాలు రేణుకకు మాత్రం ఆ వేసవిలో నవ్వు రాలేదు. ఆమె అవ్వ చెంచమ్మ వాళ్ల పల్లె చివర, మూతబడిన పలకల గని అంచున, మేకలు పెట్టుకుని ఒంటరిగా ఉంటుంది. ఉన్నట్టుండి మిట్టమధ్యాహ్నం పూట, మనిషి లేని ఆ గుంతలోంచి, ఎవరో ఉలితో పలకరాయి చీలుస్తున్నట్టు టక్, టక్ అని చప్పుడు రావడం మొదలైంది. అదే నెలలో ఆ ఊరి ఆదెయ్య గొర్రెలు పదకొండు చచ్చాయి. ఇదంతా చెంచమ్మ చేతబడేనని, ఆదివారం పంచాయితీ పెట్టి ఆమెను ఊరు దాటించాలని ఊళ్లోవాళ్లు అనుకున్నారు. రేణుక ఏడుస్తూ సార్‌కు చెప్పింది. ఆయన ఓదార్చలేదు. "ఆధారం?" అన్నారు. రేణుకకు ఒళ్లు మండింది.

మర్నాడు ఎండ నెత్తికెక్కే వేళకు ఆయన గొడుగు, నోటుపుస్తకం పట్టుకుని గని దగ్గరికి వచ్చారు. చెంచమ్మను పక్కనే కూర్చోమన్నారు.

"మజ్జిగ తాగు నాయనా. వారమాయె, నన్ను పలకరించినోళ్లు లేరు," అంది చెంచమ్మ.

ఇంతలో మేకలన్నీ ఒక్కసారిగా మేత మాని గుంత వైపు తలలెత్తాయి. కింద టక్‌మంది. కాసేపాగి, ఇంకొంచెం దగ్గరగా, టక్. గుంతలో తొండ కూడా కదలడం లేదు. రేణుక జరిగి అవ్వను ఆనుకుని కూర్చుంది. సార్ టైము రాసుకున్నారు. అక్షరాలు వంకర్లు పోయాయి. అలా మూడు మధ్యాహ్నాలు వచ్చారు.

ఆదివారం పంచాయితీలో సార్ అందరి ముందూ ఆదెయ్యను అడిగారు.

"నీ మాట ఏంది?"

"ఆ ముసల్ది గనిలో పూజ చేస్తాది సార్. చప్పుడు దానిదే. అందుకే నా గొర్రెలు పోయినాయి."

"పూజ నువ్వు చూసినావా?"

"మా పక్కింటి రంగయ్య చెప్పినాడు."

రంగయ్యకు యల్లమ్మ చెప్పిందట. యల్లమ్మకు ఆదెయ్యే చెప్పాడట.

"మూడు నోళ్లు తిరిగొచ్చినా మాట ఒకటే గదా నాయనా," అన్నారు సార్.

"మరి చప్పుడు?" అన్నాడు ఆదెయ్య.

"చప్పుడు నిజం. నేనే విన్నా." సార్ నోటుపుస్తకం తెరిచారు. "మూడు రోజులు విన్నా. ఆ మూడు సార్లూ చెంచమ్మ నా పక్కన కూర్చోని మజ్జిగ పోస్తా ఉంది. టైముతో సహా రాసినా, చూసుకోండి."

నోటుపుస్తకం చేతులు మారింది. చివరికి ఆదెయ్య తల దించుకుని, "నా గొర్రెలకు డాక్టరునన్నా పిలిపించండి సార్," అన్నాడు. చెంచమ్మ మేకలు తోలుకుని తన ఇంటికే పోయింది.

అందరూ వెళ్లాక రేణుక అడిగింది. "మరి ఆ చప్పుడు ఎవరిది సార్?"

"ప్యాసేజ్‌లో లేనిదానికి జవాబు రాయకూడదు," అంటూ ఆయన గబగబా గొడుగు విప్పారు. చెయ్యెత్తేసరికి చొక్కా చెయ్యి పైకి జరిగింది. జబ్బకు తాయెత్తులు, కొత్తవి, వరసగా మూడు. రోజుకొకటి కట్టించుకున్నట్టున్నారు.

రేణుక కోపమంతా నీరైపోయింది. ఇంత భయస్తుడు అవ్వ కోసం మూడు మధ్యాహ్నాలు ఆ గుంత ఒడ్డున కూర్చున్నాడు.

"బస్సు దాకా వస్తావామ్మా?" అన్నారు ఆయన.

"భయమా సార్?"

"ఎండమ్మా."

రేణుక నవ్వు ఆపుకుని, గని ఉన్న పక్కన తాను నడిచింది.