సీసాలో నీలి గీతలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గిన్నెలన్నీ నేనే తోమేదాన్ని. "గీరితేనే జిడ్డు పోతది బిడ్డా" అంటూ నన్ను కన్న అవ్వ బూడిద, పీచు చేతికిచ్చి నేర్పింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, తమ్ముణ్ణి కని ఆమె కాన్పులోనే పోయింది. నాకు ఏడుపు రాలేదు. అందరూ నా మొహం చూస్తున్నారని తెలుసు, అయినా రాలేదు. చేతులు మాత్రం పనులు చేసుకుపోయేవి.

ఆఖరి చూపుకు అందని బాపు, దుబాయ్ నుంచి ఒక ప్లాస్టిక్ పాలసీసా పట్టుకొచ్చాడు. హుస్నాబాద్‌లో మా వాడకట్టంతా వచ్చి దాన్ని చూసిపోయింది. సెలవు అయిపోయి ఆయన వెళ్లాక సీసా పని నాదే అయింది. రోజుకు నాలుగుసార్లు బూడిద వేసి, పుల్లకు పీచు చుట్టి లోపలంతా గీరేదాన్ని. సీసా మసకబారింది. మురికి పోలేదనుకుని ఇంకా గట్టిగా తోమాను.

తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజుకు కళ్లు లోపలికి పోయాయి. నాయనమ్మ దిష్టి తీసింది, తగ్గలేదు. ఆసుపత్రిలో ఆయాగా చేసే పక్కింటి అక్క వచ్చి, వాడికి ఉప్పు చక్కెర నీళ్లు చెంచాతో పట్టి, సీసా తెమ్మంది. నా బడిసంచిలోని సిరా అందులో పోసి ఆడించి, బాగా కడిగి నా చేతికిచ్చింది. నీళ్లు తేటగానే వచ్చాయి. సీసా లోపల మాత్రం సన్నని నీలి గీతలు, లెక్కలేనన్ని. అన్నీ నేను గీసినవే.

"సూసినవా? పాలు గీ గీతల్ల ఇరుక్కుని పాడైతయ్. ఎంత కడిగినా పోవు."

"తమ్ముడు సచ్చిపోతడా అక్కా?"

"ఏం గాదు. సీస పారేసి, గిన్నె, చెంచా నీళ్లల్ల మరగబెట్టి, గా చెంచతోనే పాలు పట్టు. తెల్వక చేసినవ్ తల్లీ, ఎవ్వలకు చెప్పకు. నేనూ చెప్ప."

అప్పుడూ నేను ఏడవలేదు. వారానికి తమ్ముడు తేరుకున్నాడు.

మొన్న వాడి మనుమరాలికి పాలసీసా కొనడానికి ఇద్దరం కరీంనగర్ వెళ్లాం. ప్లాస్టిక్‌లో ఉండే బీపీఏ అనే చెడు రసాయనం లేదని రాసి ఉందో లేదో చూశాను. మూత తీసి వాసన చూశాను. లోపల వేలుతో తడిమి, వెలుగుకు పట్టాను. మెత్తని బ్రష్ అడిగాను. గీత పడ్డ రోజే పారేయమని కోడలికి చెప్పాలనుకున్నాను. దుకాణదారు విసుక్కున్నాడు. తమ్ముడు నవ్వాడు.

"ఏందక్కా గంత పరేషాన్? గా దుబాయ్ సీసతోని నేను బతకలేదా?"

నేను బ్రష్ కుచ్చులు వేలితో నొక్కి చూస్తూ ఉండిపోయాను. ఆ సీసా పారేశాకే వాడు బతికాడని ఇప్పటికీ చెప్పలేదు.