పెన్న ఇసుకలో అవ్వ పన్ను

మా మిద్దె మీది గదిలో పదకొండేండ్లు బాడుగకున్న సారు పోయిన నెల ప్రొద్దుటూరు ఆస్పత్రిలో పోయినారు. ఫోను వచ్చినప్పుడు ఆయనకు పంపాలనే సంకటి గెలుకుతాండా. దించనూ లేదు, గెలకనూ లేదు. అడుగంటింది.

ఆయన శిష్యులు మీరంతా కలిసి పుస్తకం వేస్తాండారంట. "నువ్వూ రెండు మాటలు రాయవ్వా" అన్నారు. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే మన్నించండి.

తొలి మనుషుల ఎముకల కోసం సారు పొద్దున్నే వేముల పక్క కొండల్లో గవులకు, మీరు గుహలంటారే, వాటికి పోయేవారు. మాపటికి ఒళ్ళంతా దుమ్ముతో వచ్చేవారు. మన్ను దులిపేదానికి మా వీధిలో అరిగిపోయిన పళ్ళ బ్రష్షులన్నీ అడిగి తీసుకునేవారు. నాకు సిగ్గయ్యేది. గవి కూలుతుందేమో, పాముంటుందేమో అని ఆయన వచ్చేదాకా వాకిట్లోనే కూర్చునేదాన్ని. "దొరకలేదంటే లేదని కాదక్కా, నేనింకా సరిగా చూడలేదని" అనేవారు.

ఒకసారి బిస్కెట్ల డబ్బాలో, దూది మీద ఒక పన్ను చూపించినారు.

"ఎవురిది సారూ?"

"మనందరి అవ్వది కావచ్చక్కా. పరీక్షకు పంపితే తెలుస్తుంది."

ఇంక నాకు కుదురు లేదు. మనందరి అవ్వయితే ఆయమ్మకు కర్మ ఎవురు చేసినారు? వచ్చేది మహాలయ అమావాస్య. ఇంట్లో ఎముక పెట్టుకుని పెద్దలకు కూడు ఎట్ల పెట్టేది? సారు పులివెందులకు పోయిన పూట, పన్ను పసుపుగుడ్డలో కట్టుకుని పెన్నలో మా ఊరి రేవుకు పోయినా. ఆడదాన్ని చేయొచ్చో లేదో, నువ్వులూ నీళ్ళూ వదిలి కలిపేసినా.

సారు వచ్చినాక ఏడుస్తా చెప్పినా. ఆయన మెట్టు మీదనే కూర్చుండిపోయినారు. ఆడనుంచే అడిగినారు.

"నువ్వులు ఏసినావా అక్కా?"

"ఏసినా సారూ."

"పోనీలే. ఇన్నాళ్ళకు ఆయమ్మ కోసం ఏడ్చినోళ్ళు ఒకరున్నారు."

మళ్ళీ అట్లాంటిది ఆయనకు దొరకలేదు. ఈ సంగతి ఆయన మీకెవురికీ చెప్పలేదు. అందుకే నేను చెప్తాండా. యాడ వెతకాల్నో మీకు తెలియాల.

ఏటా పెన్న ఎండినాక ఆ రేవు కాడ సారు పార పట్టేవారు, నేను జల్లెడ. పన్ను కనబడితే అరిచేదాన్ని.

"మేక పన్నక్కా! మొన్న నువ్వు పులుసు పెట్టిన మేకేనేమో" అని నవ్వేవారు. ఒక్క దినమూ కోపం చూపలేదు. అదే నాకు ఇప్పటికీ దిగులు.

సారు చెప్పి పోయినారని ఆయన కొడుకు ఎముకలు తెచ్చి ఆ రేవులోనే కలిపినాడు. కుండ మునిగేదాకా నిలబడి చూసినా.

ఎండలొస్తాయి, ఇసుక తేలుతుంది. జల్లెడ గోడకు అట్లనే ఉంది. మీరొస్తే పట్టుకుంటా. అందులో తెల్లగా ఒక ముక్క మిగిలితే, అది అవ్వదో సారుదో నా చేతికి ఎట్ల తెలుస్తాది?