సద్దుల నాడు నా పక్కన కూర్చున్న పెద్దవ్వ

పెత్రమాస పొద్దున, మొదటి రోజు బతుకమ్మ కోసం గునుగు పూల కట్టలు విప్పుతుంటే ఫోను మోగింది. మంచిర్యాల ఆస్పత్రి నుంచి పక్కింటి పెద్దవ్వ కొడుకు, నేను తమ్ముడని పిలిచేవాడు. "అక్కా, అవ్వ పోయింది" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇక నా భయాన్ని ఎవరి దగ్గరికి తీసుకుపోవాలి అనిపించింది.

ఆమె మాకు చుట్టం కాదు. శ్రీరాంపూర్ దగ్గర, బాయి అని పిలిచే బొగ్గు గని క్వార్టర్లలో మా ఇంటికీ వాళ్లింటికీ ఒకటే గోడ. పెళ్లయి వచ్చిన కొత్తలో ఏమని పిలవాలో తెలియక "పెద్దవ్వా" అన్నాను. అదే నిలిచిపోయింది.

నేను సాంచెల చప్పుడులో పెరిగినదాన్ని. మా ఊళ్లో ఆ మర మగ్గం ఆగితే భయం, పని లేదని అర్థం. ఇక్కడ చప్పుడైతే భయం. వచ్చిన వారంలోనే ఒక మధ్యాహ్నం ఎక్కడో భూమి అదిరి, అరలోని గిన్నెలన్నీ గలగలమన్నాయి. నేను చెప్పులు కూడా లేకుండా వాకిట్లోకి పరుగెత్తాను. పెద్దవ్వ అక్కడ మిరపకాయలు ఎండబోస్తోంది.

"ఏం గాదు బిడ్డా. బొగ్గు కోసం మందు పేలుస్తరు. రోజూ ఉండేదే" అని నన్ను ఇంట్లోకి తీసుకొచ్చింది. అరలోంచి గాజు గ్లాసు తీసి వెలుతురులో పట్టి చూసింది. "సూడు, పగుల్లేదు. ఇయ్యాలటికి గిది మంచిగనే ఉన్నది."

అది ఆమె అలవాటు. నల్లా నీళ్లు వచ్చినా, పాలు విరగకపోయినా, కోడలి దగ్గు కాస్త తగ్గినా పైకి చెప్పుకునేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఆమె పెనిమిటి కథ తెలిసింది. ఆయన బాయిలోనే పోయాడు. ఆయన నౌకరీయే కొడుక్కి వచ్చింది. మొగుణ్ని మింగిన చోటికే రోజూ కొడుక్కి సద్ది కట్టి పంపే మనిషి ఆమె. అది తెలిశాక నేను నవ్వలేదు.

ఒకసారి అడిగాను, "నీకు భయం గాదా పెద్దవ్వా?" అని.

"భయం లేకుంటెనా! పొయ్యి మీద పాలోలె ఉంటది. పక్కకు పోతె పొంగుతది. అందుకే పక్కకు పోను" అంది.

మీకు ఏళ్ల కిందటి ఒక సద్దుల బతుకమ్మ రోజు, అంటే పండుగ ఆఖరి రోజు సంగతి చెప్పాలి. ఆ రోజు మావారూ, పెద్దవ్వ కొడుకూ పొద్దుటి షిఫ్టుకే పోయారు. వాళ్లు వచ్చేసరికి బతుకమ్మను పేర్చి పెట్టాలని నేనూ పెద్దవ్వా ఆమె కోడలూ వాకిట్లో కూర్చున్నాం. ఇంట్లో ప్రసాదానికి నువ్వుల సత్తు, పల్లీల సత్తు తయారుగా ఉన్నాయి. షిఫ్టు దిగే వేళయింది, దాటింది. వీధిలోకి ఒక్క బండీ రాలేదు. తంగేడు పూలు పేరుస్తూనే అందరి చెవులూ రోడ్డు మీదే ఉన్నాయి. అంతలో వెనక లైను క్వార్టర్ల నుంచి ఒకామె పరుగున వచ్చి, "బాయిల కప్పు కూలిందట" అంది.

నా చేతిలోని పళ్లెం ఎక్కడ పడిందో తెలియదు. బాయి గేటు దాకా ఎలా నడిచానో తెలియదు. అక్కడ అప్పటికే ఆడవాళ్లు నిండిపోయారు. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. నేల మీద కూలబడ్డాను. పెద్దవ్వ నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"పొద్దుగాల ఆయన ఏం దిన్నడు?" అని అడిగింది.

"ఉప్మా. సగం ఇడిసిపెట్టిండు."

"సగమైతె దిన్నడు గదా."

నాకు ఒళ్లు మండింది. "గిప్పుడా పెద్దవ్వా అడిగేది?"

"గిప్పుడే బిడ్డా. మనసు అడుక్కు పోతాంటె పట్టుకునేతందుకు ఏదన్న ఉండాలె గదా. ఇంకేం జేసిండు?"

"గుండీ ఊడిందంటె కుట్టిచ్చిన."

"నీ కుట్టు ఆయన మీద ఉన్నది. ఇంకేంది?"

బూట్లు తొడుక్కుంటూ నవ్విన సంగతి చెప్పాను. సత్తు ముద్దలు పెద్దవి చేయమన్నాడని చెప్పాను. చెప్తూ ఉన్నంతసేపు ఊపిరి ఆడింది. అప్పుడు గమనించాను, నా చేతిని పట్టుకున్న ఆ చెయ్యి మంచులా ఉంది. తన కొడుకు కూడా లోపలే ఉన్నాడని, తనను అడిగేవాళ్లు ఎవరూ లేరని అప్పటిదాకా నాకు తట్టలేదు.

పొద్దు వాలుతుండగా మనుషులు పైకి రావడం మొదలైంది. ముఖాలన్నీ ఒకటే నలుపు. ఎవరు ఎవరో గుర్తుపట్టలేక ఆడవాళ్లు పేర్లు పెట్టి పిలుస్తున్నారు. పెద్దవ్వ కొడుకు ముందే వచ్చాడు. ఆమె లేచి అతని ముఖం తడిమింది. భుజాలు, చేతులు, వేళ్లు తడిమింది. కోడలి వైపు తిరిగి, "ఇంటికి తోల్కపో, నీళ్లు కాగవెట్టు" అంది.

"నువ్వు రావా అవ్వా?" అన్నాడు కొడుకు.

"దీని మనిషి ఇంక రాలే" అంటూ మళ్లీ వచ్చి నా పక్కనే కూర్చుంది.

కొడుకు దక్కిన తల్లి ఆ క్షణాన అతని వెంట ఇంటికి పోకుండా ఉండటం ఎంత కష్టమో, నాకు పిల్లలు పుట్టాకే అర్థమైంది.

మావారిని స్ట్రెచర్ మీద తెచ్చారు. కాలు విరిగింది. కళ్లు తెరిచి ఉన్నాయి. నన్ను చూసి ఏదో అనబోయాడు. నేను పెద్దవ్వ మెడ చుట్టూ చేతులేసి, "బతికిండు, బతికిండు" అని అరవబోయాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లగ బిడ్డా. మన మంచి ఇయ్యాల మన లోపట్నే ఉండాలె. ఆ ఇంటోళ్లకు ఇనవడొద్దు."

వెనక లైనులో ఒక మనిషి ఇక తిరిగి రాలేదు. అప్పటికే ఆ సంగతి ఆమెకు తెలిసింది. ఆ సాయంత్రం ఎక్కడో దూరంగా పాటలు మొదలయ్యాయి. మా వీధిలో సగం పేర్చిన బతుకమ్మలు అలాగే ఉండిపోయాయి. నేను ఆస్పత్రిలో ఉన్నాను. పెద్దవ్వ ఆ ఇంటికి పోయి, వచ్చిన చుట్టాలకు నీళ్లిస్తూ, గిన్నెలు తోముతూ ఉందట. అక్కడ ఆమె ఏ మంచినీ పైకి చెప్పుకోలేదని కోడలు తర్వాత చెప్పింది.

కాలు బాగయ్యాక మావారు మళ్లీ లోపలికే పోతున్నాడు. పండుగ రోజుల్లో నా భయం ఇంకా పెరుగుతుంది. ఇల్లంతా పూల వాసన నిండితే నాకు గేటు గుర్తొస్తుంది. అలాంటప్పుడు గోడ మీద తడితే అవతల నుంచి "ఏంది బిడ్డా?" అని వినబడేది. చాలాసార్లు ఆ మాటే చాలేది.

పెద్దవ్వ పోవడానికి ముందు రోజు ఆస్పత్రికి వెళ్లాను. ఊపిరి కష్టంగా ఉంది. "నాక్కూడ భయమైతాంది. కొడుకు డ్యూటీ దిగి వచ్చేదాక కూసో" అంది. కూర్చున్నాను. ఆమె కళ్లు తలుపు మీంచి కదల్లేదు. తమ్ముడు బొగ్గు మరకల బట్టలతోనే పరుగున వచ్చాడు. అతన్ని చూశాక కళ్లు మూసుకుని నిద్రపోయింది.

గోదావరి ఒడ్డున అంతా అయిపోయింది. మరునాడు మధ్యాహ్నం రెండో షిఫ్టు బండ్లు మా వీధిలోకి వచ్చాయి. ఆ వేళకు పెద్దవ్వ అరుగు మీద ఉండేది. పోయే ప్రతి మనిషికీ జాగ్రత్త చెబుతూ "పైలం బిడ్డా" అనేది. ఎవరైనా సరే, ఆ మాట అందుకోవడానికి బండి నెమ్మది చేసేవారు. ఆ రోజు అరుగు ఖాళీగా ఉంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. అయినా ఒక్కొక్క బండి అక్కడికి రాగానే నెమ్మదించింది. చివర మావారు. ఆయనా బ్రేకు వేసి, ఒక కాలు నేల మీద ఆనించి, ఆ అరుగు వైపు చూశాడు. నేను మా ఇంటి గేటు పట్టుకుని నిలబడ్డాను. వెనక ఎర్ర లైటు కాసేపు వెలిగి ఆరిపోయింది. బండి మలుపు తిరిగింది.