పొయ్యి నుంచి అరుగు దాకా

మా పెద్దబాపు చనిపోయారని ఊరి నుంచి హాస్టలుకు కబురు వచ్చింది. దుఃఖం కంటే ముందు నాకు భయం వేసింది. ఆయనను తీసుకుపోయిన దగ్గు మా తమ్ముడి గొంతులోనూ వినిపిస్తోంది. వాడికి ఇంకా తొమ్మిదేళ్లు నిండలేదు.

మా బాపుకు అన్న ఆయన. పత్తి బండి తోలేవారు. భైంసా నుంచి పల్లీలు తెచ్చి, అవి కట్టిన పేపరు ముక్కను నా చేతికి ఇచ్చేవారు. "సదువు బిడ్డా, లోకంల ఏమైతుందో ఇందాం" అనేవారు. సగంలో చిరిగిన వార్తకు మిగతా సగం తానే కల్పించి మమ్మల్ని నవ్వించేవారు. మాటల మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

ఆ నవ్వుల మధ్యే తమ్ముడి చేతికి సిగరెట్ అందేది. పొయ్యిలో అంటించి, పెద్దబాపు కూర్చున్న అరుగు దాకా తేవాలి. దారిలో ఆరిపోకుండా దమ్ము లాగుతూ రావాలి. మీలో చాలామంది ఇళ్లలో ఇది మామూలే. పిల్లలు చెడు సావాసాల వల్ల తాగుతారని పెద్దలు అంటారు. మా వాడికి సావాసం ఇంట్లోనే దొరికింది, మెప్పు కూడా.

"శెబ్బాష్! ఆరకుండ తెచ్చినోడే నా షేర్, నా పులి" అని పెద్దబాపు వాడి వీపు తట్టేవారు. నేను తెస్తానని లేస్తే "ఆడిపిల్లవు, నీకెందుకే" అని కూర్చోబెట్టేవారు.

పోయిన ఎండాకాలం తమ్ముడు దొడ్లో దాక్కుని తాగుతూ ఆయనకే దొరికాడు.

"గీ అలవాటు ఎవ్వలు నేర్పిండ్రురా నీకు?"

"నువ్వే గద పెద్దబాపు. ఆర్పితే కొడ్తనంటివి."

ఆయన ముఖం పాలిపోయింది. మళ్లీ ఎన్నడూ వాడిని పంపలేదు. గోడ పట్టుకుని, దగ్గుకుంటూ తానే పొయ్యి దగ్గరికి పోయేవారు. "నాదేముంది, పోరని రొమ్ము జర చూసుకోండ్రి" అని మా అవ్వతో, అంటే మా అమ్మతో, అన్నారు.

నేను ఊరికి వచ్చాక, ఆయన పోయిన మూడో నాడు పిట్టకు పెట్టడానికి వెళ్లాం. పోయినవారు కాకి రూపంలో వచ్చి తమకు ఇష్టమైనవి ముడతారని మా నమ్మకం. విస్తరిలో అన్నం, పక్కన కల్లు పెట్టారు. సిగరెట్ కూడా అంటించి పెట్టాలన్నారు. గాలికి అగ్గిపుల్లలు నిలవడం లేదు.

"పోరనికియ్యిండ్రి. ఆయనకు ఎప్పుడు వాడే గద అంటిచ్చేది" అన్నాడు ఒక ముసలాయన.

"వద్దే అవ్వా" అని అవ్వ కొంగు లాగాను.

"ఊకో బిడ్డా. పిట్ట ముట్టకపోతే ఎట్ల?" అంది.

తమ్ముడు నిప్పును రెండు చేతుల మధ్య దాచి, కళ్లు మూసుకుని, నిండుగా లోపలికి లాగాడు. సిగరెట్ విస్తరి అంచున పెట్టాడు. అందరూ వెనక్కి జరిగి, కాకి కోసం చెట్ల వైపు చూస్తున్నారు. నేను వాడినే చూస్తున్నాను. వాడు చేతులు జోడించి నిలబడ్డాడు. ముక్కులోంచి పొగ సన్నగా, ఇంకా వస్తూనే ఉంది.