పిడికి చుట్టిన పీలిక

కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కత్తెరక్క అంటారు. చేసేది కటింగ్ మాస్టర్ పని, ఇచ్చేది హెల్పర్ జీతం. గుడ్డను చెంపకు ఆనించి, కళ్ళు మూసుకుని, అది ఎటు సాగుతుందో తెలుసుకున్నాకే కోస్తుంది. వేలు ఒరుసుకుపోకుండా కత్తెర పిడికి మెత్తటి పీలిక చుట్టుకుంది. అలా ఇరుకైన ఆ పిడిలో ఇంకెవరి వేలూ దూరదు. పోయిన వారం ధైర్యం చేసి మాస్టర్ జీతం అడిగింది. మేనేజరు కోప్పడలేదు. కూర్చోమని టీ తెప్పించాడు. "అడగందే అమ్మయినా పెట్టదు కదమ్మా. చూద్దాంలే. ఈలోగా మా బామ్మర్దికి కాస్త పని చూపించు" అన్నాడు.

బామ్మర్ది మహా మర్యాదస్తుడు. "ఇంకొక్కసారి చూపించక్కా" అంటూ ఆమె చేతులకేసే చూసేవాడు. చూస్తుండగానే గుడ్డను చెంపకు ఆనించి కళ్ళు మూసుకోవడం అతనికీ వచ్చేసింది. "మేకే వెళ్ళి కసాయికి కత్తి నూరిపెట్టినట్టుందే నీ యవ్వారం" అని కాజాలు కుట్టే ముసలమ్మ నవ్వింది. ఆమె కూడా నవ్వబోయింది గాని, నవ్వు రాలేదు.

ఈ ఉదయం ఆమె వచ్చేసరికి కత్తెర బల్ల మీద ఎప్పటి చోటనే ఉంది. పిడికి చుట్టిన పీలికను మాత్రం ఎవరో విప్పి, చక్కగా మడతపెట్టి, పక్కన ఉంచారు.